శ్రీరాంపూర్‌లో మొదటి మాట

కరీంనగర్ బస్టాండులో మంచిర్యాల బస్సులు ఆగే చోటికి నేను చేరేసరికి ఉదయం ఏడున్నర. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. అది గుడ్ ఫ్రైడేకి ముందు వచ్చే బుధవారం. శ్రీరాంపూర్‌లోని ఒక చిన్న సంఘం పాస్టరయ్య వారం కింద ఫోన్ చేసి, ఈసారి సిలువ మీది ఏడు మాటల గురించి పెద్దలు కాకుండా కాలేజీ పిల్లలు మాట్లాడతారని, వచ్చి వాళ్లను తయారు చేయమని అడిగాడు. నేను కరీంనగర్‌లో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతాను. సెలవు దొరికినప్పుడల్లా ఇలా పిలిచిన చోటికి పోయి పిల్లలకు బైబిలు పాఠం చెప్పి వస్తుంటాను. దారి ఖర్చు నాది, భోజనం వాళ్లది. "నీకు ఇంట్ల పని లేదా" అని మా ఆయన ఎప్పుడూ అనే మాట ఆ రోజూ అన్నాడు. బస్టాండు దాకా బండి మీద దింపి మరీ అన్నాడు.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. గుడ్ ఫ్రైడే నాడు మా చర్చిల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన జరుగుతుంది. సిలువ మీద యేసు పలికినవి ఏడు మాటలు. ఏడుగురు లేచి ఒక్కొక్కరు ఒక్కో మాట గురించి ప్రసంగిస్తారు. మొదటిది, తనను చంపుతున్నవాళ్లను క్షమించమని తండ్రిని అడిగిన మాట. ఐదోది దాహం వేస్తోందన్న మాట. ఎవరికి ఏ మాట అన్న తగువు రాకుండా చాలా సంఘాల్లో చీటీలు వేస్తారు. ఎవరికి వచ్చింది వాళ్లు చెప్పాల్సిందే.

బస్సు నిండా ఆడవాళ్లమే. ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. సిరిసిల్ల నుంచి నస్పూర్‌లోని కూతురింటికి పోతున్న ఒక ముసలాయన, మరమగ్గం మీద పనిచేసి చేసి వంగిపోయిన మనిషి, కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. "మంచిగున్నదమ్మా మీ కథ. పైసలియ్యనోళ్లు కూసున్నరు, పైసలిచ్చినోళ్లం నిలబడ్డం" అన్నాడు. నవ్వి సర్దుకుని చోటిచ్చాను. ఎక్కడికని అడిగితే పిల్లలకు దేవుడి పాఠం చెప్పడానికన్నాను.

"మా మనుమడు ఫోన్ల తలకాయ పెడితె ఎత్తడు. మీ దేవుడు చెప్తె ఇంటడా?"

"మా దేవుడు చెప్పినా వినరు తాతా" అన్నాను. ఆయన దగ్గుతూ నవ్వాడు. ఆ దగ్గు పెద్దపల్లి దాకా తగ్గలేదు.

పెద్దపల్లిలో బస్సు ఆగినప్పుడు టీ తాగాను. గోదావరిఖని దాటి వంతెన ఎక్కేసరికి తొమ్మిదిన్నర అయింది. నదిలో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ కనిపించింది. వంతెన దిగితే పాత ఆదిలాబాద్ జిల్లా. బోర్డుల మీద మంచిర్యాల జిల్లా అని ఉన్నా మా వయసువాళ్లకు అది ఆదిలాబాదే. అక్కడి నుంచి దారి పొడుగునా బొగ్గు లారీలు, వాటి వెనక దుమ్ము. నా తర్వాత ఎవరైనా వెళ్లేవాళ్లుంటే తెల్ల చీర కట్టుకుని వెళ్లకండి. గుడ్ ఫ్రైడే వారం కదా అని నేను కట్టుకున్నాను. శ్రీరాంపూర్‌లో దిగేసరికి అంచు ఏ రంగో నాకే గుర్తు రాలేదు.

పాస్టరయ్య స్కూటర్ మీద వచ్చి తీసుకెళ్లాడు. నలభై దాటిన మనిషి, మెల్లగా మాట్లాడతాడు. చర్చి వెనక ఒక గదిలో మంచం, ఫ్యాను, కుండలో నీళ్లు పెట్టించాడు. మధ్యాహ్నం జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టారు. కడుపు నిండా తిని కాసేపు పడుకున్నాను. అక్కడున్న మూడు రోజుల్లో నేను మనసారా తిన్న భోజనం అదొక్కటే.

నాలుగు గంటలకు పిల్లలు వచ్చారు. ఇంటరు, డిగ్రీ చదివే ఏడుగురు. ముందు ఎవరేం రాసుకొచ్చారో చదవమన్నాను. ఫోన్లలో పెద్ద పెద్ద ప్రసంగాలు విని వాటినే కాగితం మీద దించుకొచ్చారు. ఐదో మాట వచ్చిన స్టీఫెన్ అయితే గొంతు కూడా దించుకొచ్చాడు. ఒక చెయ్యి పైకెత్తి, పది వేల మంది ముందు నిలబడ్డట్టు అరిచాడు. "మేము ఏడుగురమే ఉన్నం నాయనా, చెవుడు కూడ లేదు" అంటే అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.

నవ్వనిది ఒక్క అమ్మాయే. పేరు ప్రవళిక, డిగ్రీ రెండో సంవత్సరం. మొదటి మాట ఆమెది. చదువమ్మా అంటే, "నేను రాయలే మేడం" అంది. ఎందుకని అడిగాను. మిగతా ఆరుగురూ ఒక్కసారిగా నేల చూపులు చూశారు. క్లాసులో పాఠం రానివాళ్ల కోసం పిల్లలు అలా తలదించుకోరు. ఇరవై ఏళ్లుగా పిల్లల మధ్య ఉన్నదాన్ని, ఆ మాత్రం తెలుస్తుంది.

క్లాసు అయ్యాక పాస్టరయ్య ఇంటి ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నప్పుడు అడిగాను. ఆయన చెప్పుకొచ్చాడు. రెండేళ్ల కింద చెన్నూరులో ప్రార్థన కూటాలు జరిగితే ఈ సంఘం వాళ్లు కొందరు యాకోబు ఆటోలో వెళ్లారట. యాకోబూ ఈ సంఘం మనిషే. పగలంతా కిరాయిలు కొట్టి, కూటాలు అయ్యేదాకా కూర్చుని, తిరిగి వస్తూ భీమారం దాటాక కునుకు పట్టి కల్వర్టుకు గుద్దాడు. వెనక కూర్చున్నవాళ్లు దెబ్బలతో బయటపడ్డారు. ముందు అతని పక్కన కూర్చున్న రాజయ్య అక్కడే పోయాడు. ప్రవళిక ఆ రాజయ్య కూతురు. యాకోబూ రాజయ్యా చిన్నప్పటి నుంచీ దోస్తులు.

"సంగం పెద్దలు కూసున్నరు మేడం. విశ్వాసులు ఒకరి మీద ఒకరు కోర్టుకు పోవుడు మంచిది గాదని వాక్యం చూపెట్టి చెప్పిన్రు. ఆదివారం నాడు రాజయ్య భార్యను, యాకోబును ముందలికి పిలిచి, మాఫ్ చేసిన అని ఆమెతోని అనిపించినం."

"ఆయన పోయిన ఎన్ని రోజులకు?"

"నెల గూడ కాలే."

నాకు అన్నం సహించనిది అప్పటి నుంచే. ఆయన ఇంకా చెప్పాడు. ఆ రోజు నుంచి యాకోబు చర్చిలో వెనక తలుపు దగ్గరే కూర్చుంటున్నాడు. ప్రభు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి, ముందుకు రావడం లేదు. ఎంత పిలిచినా కదలడు. "ఈ పొల్ల అందరి ముందట మాఫ్ చేసిన అని ఒక్క మాటంటె, ఈస్టర్‌కన్న వాడు బల్లకు వస్తడని నా ఆశ" అన్నాడు.

"అయితే చీటీలో ఆమెకు ఆ మాట రావడం..."

"చీటీలు ఆరే వేసిన మేడం. మొదటి మాట నేనే ఆమెకిచ్చిన."

నాకు కోపం ఆగలేదు. "అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టున్నది అయ్యగారూ. మాఫీ వాళ్లది, పంచిపెట్టేది మీరు" అన్నాను. యాకోబు పని మానేసి పడుకున్న నెలల్లో ఆ ఇంటికి బియ్యం మోసింది ఈయనేనని తర్వాత విన్నాను. చెడ్డవాడైతే నాలుగు దులిపి కరీంనగర్ బస్సు ఎక్కేసేదాన్ని. మంచివాడితోనే చిక్కు.

గురువారం ఉదయం తొమ్మిదికి క్లాసు. మిగతావాళ్లకంటే ముందే వచ్చిన ప్రవళికను పక్కకు పిలిచి, "వేరే మాట తీసుకుంటవా బిడ్డా? నేను అయ్యగారికి చెప్త" అన్నాను.

"మార్చుకుంటె, ఇంక మనసుల పెట్టుకున్నదంటరు మేడం. చెప్తె, మా అవ్వ లెక్క నేను గూడ అబద్ధం ఆడినట్టయితది." తల్లి మాట ఎత్తాక చేతిలో ఉన్న బైబిలు మూసి తెరుస్తూ, "మీరే ఏదన్న రాసియ్యిన్రి. చదివేస్త" అంది.

రాసివ్వడం నాకు ఎంతసేపు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. కానీ రాసిచ్చిన పాఠం పిల్లల నోట్లో ఉంటుంది, కడుపులోకి పోదు. అందుకే నేను ఎవరికీ రాసివ్వను. అందరూ వచ్చాక పుస్తకాలు, ఫోన్లు మూయించి, సిలువ వేసిన రోజు ఆ కొండ మీద ఎవరెవరు ఉన్నారో చెప్పమన్నాను. నా పద్ధతి ఇదే. ముందు మనుషులను చూపిస్తాను, మాటల అర్థాలు తర్వాత. సిపాయిలు, ఇద్దరు దొంగలు, దారిన పోతూ తిట్టేవాళ్లు, తల్లి, ఒక శిష్యుడు అని ఒక్కొక్కరే చెప్పారు. ఒక్కొక్కరినీ ఒక్కో మనిషిగా నిలబడమన్నాను. స్టీఫెన్ సుత్తి పట్టుకున్న సిపాయిగా నిలబడ్డాడు. ప్రవళిక గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. ఆమెను లేవమనలేదు. ఇప్పుడు మీరు ఉన్నచోటి నుంచి మొదటి మాట వినండి, ఏం అడగాలనిపిస్తే అది అడగండి అన్నాను.

అందరికంటే ముందు ఆమే అడిగింది. "తల్లి అక్కడ్నే నిలబడ్డది గదా మేడం. నీ కొడుకును చంపినోళ్లను మాఫ్ చెయ్యి అని ఆమెనెవ్వలన్న అడిగిన్రా?"

నాకు తెలిసినంతవరకు ఎక్కడా లేదని చెప్పాను.

"మేకులు దిగినాయన అన్నడు. అది ఆయన మాట. మాకు మేకులు దిగలే. మా బాపుకు దిగినయి. మా బాపు ఆఖరుకు ఏమన్నడో మాకు ఎవ్వలు చెప్పలే." సుత్తి పట్టుకున్నట్టు ఎత్తిన చెయ్యి స్టీఫెన్ మెల్లగా దించాడు. ఆమె బైబిలు తెరిచి ఆ వాక్యం మళ్లీ చదువుకుంది. తనలో తాను మాట్లాడుకున్నట్టు, "ఆయన గూడ నేను మాఫ్ చేసిన అనలే. తండ్రీ, నువ్వు చెయ్యి అన్నడు" అంది.

ఆ వాక్యాన్ని నేను ఎన్నోసార్లు చెప్పాను, ఆ వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు. మీ మాట మీరు ఎలా చెప్పగలరో అలాగే చెప్పండని అందరితో అని క్లాసు ముగించాను. ఆ సాయంత్రం ఆరాధనలో వెనక తలుపు దగ్గర కూర్చున్న మనిషిని చూసి, ఎవరూ చెప్పకుండానే యాకోబు అని గుర్తుపట్టాను. జుట్టు ముందే నెరిసినట్టుంది. పాట వస్తుంటే పెదవులు కదిలాయి, గొంతు వినిపించలేదు.

శుక్రవారం అందరూ ఉపవాసం. మూడింటి దాకా మంచినీళ్లు కూడా తాగనివాళ్లున్నారు. పన్నెండుకు ఆరాధన మొదలైంది. రేకుల కప్పు కింద ఫ్యాన్లు వేడిగాలినే తిప్పుతున్నాయి. ఆడవాళ్ల వైపు మొదటి చాప మీద ప్రవళిక తల్లి ముఖం మీదికి కొంగు కప్పుకుని కూర్చుంది. మొదటి మాట కాబట్టి మొదట ప్రవళికే లేచింది. చేతిలో కాగితం లేదు.

"అందరికి వందనాలు. మొదటి మాట నాకిచ్చిన్రు. యేసయ్య సిలువ మీద ఉండి, నేను మాఫ్ చేసిన అని అనలే. తండ్రీ, నువ్వు చెయ్యి అన్నడు. మా అవ్వతోని గీడ్నే నిలబెట్టి మాఫ్ చేసిన అనిపించిన్రు. గా దినం ఇంటికొచ్చి మా అవ్వ అన్నం ముట్టలే. మాఫ్ చేసుడు నాకు ఇంకా చాతనైతలేదు. చాతనైనట్టు చెప్పుడు నాకు రాదు. అప్పటిదాక, తండ్రీ, నువ్వు చూస్కో. గంతే." వచ్చి కూర్చుంది.

ఎవరూ ఆమేన్ అనలేదు. ఆడవాళ్ల వైపు నుంచి ఒక ఏడుపు లేచి ఆగిపోయింది. పాస్టరయ్య తల వంచుకునే పాట ఎత్తుకున్నాడు. తర్వాత ఆరుగురూ చెప్పారు. స్టీఫెన్ అరవకుండా, తన గొంతుతోనే, దాహం గురించి బాగా చెప్పాడు. మిగతావి నా చెవికి ఎక్కలేదు. నేను ప్రవళిక తల్లినే చూస్తున్నాను. ఆమె ముఖం మీది కొంగు మూడింటి దాకా తియ్యలేదు.

ఆరాధన అయ్యాక మజ్జిగ పంచుతుంటే ఒక సంఘం పెద్ద నా దగ్గరికి వచ్చాడు. "పిల్లలకు నేర్పుమంటె గిదా నేర్పింది మేడం? మానిన పుండును గెలికిపోతున్నరు" అన్నాడు. మానిందని ఎవరు చెప్పారని అడిగాను. ఆయన గ్లాసు అక్కడ పెట్టి వెళ్లిపోయాడు. ప్రవళిక వచ్చింది. "తప్పు చెప్పిన్నా మేడం?" అని అడిగింది. లేదు బిడ్డా అన్నాను. "మరి మా అవ్వ నాతోని మాట్లాడ్తలేదు" అంది. నేను ఇంకాసేపట్లో బస్సెక్కి పోతాను. రేపు ఆ చాప మీద, ఆ మనుషుల మధ్య కూర్చోవాల్సింది ఆమె. నా నంబరు ఇచ్చి, ఏదున్నా ఫోన్ చెయ్యమన్నాను. చాలా చిన్నతనంగా అనిపించింది.

పాస్టరయ్య పెద్దల మధ్య చిక్కుకుపోయాడు. సంచి పట్టుకుని మెయిన్ రోడ్డు వైపు నడవడం మొదలుపెట్టాను. ఎండకు తారు మెత్తబడి చెప్పుకు అంటుతోంది. వెనక నుంచి ఒక ఆటో వచ్చి ఆగింది. యాకోబు.

"ఎక్కున్రి మేడం."

ఎక్కడానికి భయపడ్డానని ఒప్పుకోవాలి. అతనికి అది అర్థమైంది. "ఇప్పుడు నిద్ర రాదు మేడం. బండి మీద గాదు, మంచం మీద గూడ రాదు" అన్నాడు. ఎక్కి కూర్చున్నాను.

రోడ్డు మీద బస్సు లేదు. అతను ఆటో నీడకు పెట్టి ఇంజను ఆపాడు. హ్యాండిల్ పట్టుకుని ముందుకే చూస్తూ మొదలుపెట్టాడు.

"పొల్ల నిజం చెప్పింది. రెండేండ్ల సంది నిజం చెప్పింది గామె ఒక్కతే. మాఫ్ చేసినమని అందరు ముచ్చట బంద్ చేసిన్రు మేడం. గా రాత్రి ఏమైందిరా అని నన్ను ఎవ్వలు అడగలే. నేను చెప్పబోతె, అయిపోయిందాని ముచ్చట ఎందుకన్నరు."

"ఏమైంది?" అడిగాను.

"రాజయ్య తలకాయ నా ఒళ్లె పెట్టుకున్న. నన్ను ఒక్క మాట అనలే. నీళ్లడిగిండు. ఆటోల ఉన్న నీళ్ల సీస పలిగిపోయింది. ఎనుకోళ్లు దెబ్బలతోని లేస్తలేరు. కల్వర్టు కింద నీళ్లు పారుడు ఇనపడుతున్నది. నేను పోవాల్నంటె తలకాయ కింద పెట్టాలె. పెట్టబుద్ధి కాలే. ఇప్పుడు తెస్త, ఇప్పుడు తెస్త అనుకుంట కూసున్న. అట్లనే పాణం పోయింది. నీళ్లియ్యకుంట పంపిన మేడం."

ఒక లారీ పోయింది, దుమ్ము మా ఇద్దరి మీదా పడింది.

"గా పొల్లకు చెప్పాల్నా?" అన్నాడు.

"చెప్పు. ఇప్పుడే పోయి చెప్పు. మాఫీ మాత్రం అడగకు."

"మరేమడగాలె?"

"ఏం అడగకు. వాళ్లకు తెల్వంది నీకు తెలుసు. అది వాళ్లకియ్యి."

తలూపాడు. పోతాడన్న నమ్మకం నాకు కలగలేదు. నాలుగున్నరకు మంచిర్యాల నుంచి కరీంనగర్ బస్సు వచ్చింది. కిటికీలోంచి చూస్తే ఆటో అక్కడే ఉంది, అతను ఇంకా ముందుకే చూస్తున్నాడు.

తిరుగు ప్రయాణంలో సీటు బాగానే దొరికింది. పండుగ వారం కాబట్టి ఆ తర్వాతి బస్సుల్లో నిలబడాల్సి వస్తుందని కండక్టరు చెప్పాడు. వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోండి. వంతెన మీద ఈసారి నదిని చూడలేదు. పిల్లలకు బైబిలు బాగా చెప్పడమంటే వాక్యాలు తప్పు లేకుండా అప్పజెప్పించడం అనుకునేవాళ్లతో నేను ఎన్నో ఏళ్లుగా పోట్లాడుతున్నాను. జవాబు నేర్పొద్దు, వాళ్ల ప్రశ్న వాళ్లను అడగనివ్వండి అనేది నా వాదన. శ్రీరాంపూర్‌లో నా వాదనే గెలిచింది. ఒక తల్లీ కూతురూ మాట్లాడుకోకుండా అయ్యారు. ఇంత దిగులుతో నేను ఏ ఊరి నుంచీ తిరిగి రాలేదు.

పెద్దపల్లి దాటాక ఫోన్ మోగింది. ప్రవళిక.

"మేడం, యాకోబు మామ మా ఇంటికొచ్చిండు. ఎండల వచ్చిండని మా అవ్వ చెంబుల నీళ్లిచ్చింది. తాగుతలేడు. చెంబు పట్టుకొని అట్లనే నిలబడి ఏడుస్తుండు. మా అవ్వ పరేషానైతున్నది. ఏమైంది మేడం ఆయనకు?"

నాకు తెలుసు. నేను చెప్పాల్సింది కాదు.

"ఆయన్నే అడుగు బిడ్డా. పక్కన కూసోని మెల్లగ అడుగు."

"సరే మేడం" అంది. ఫోన్ పెట్టడం మరిచిపోయినట్టుంది. అటు వైపు చెంబు నేల మీద పెట్టిన చప్పుడు, తర్వాత "కూసో మామా, ఏమైంది" అని ఆమె గొంతు వినిపించాయి. నేనే ఫోన్ కట్ చేశాను.